తలనొప్పి బిళ్ళలో ఉన్న కాఫీ సంగతి

"ఈమధ్య నకిలీ బిళ్ళలు వస్తున్నాయేమోనండీ డాక్టరు గారూ? ఇదివరకు ఒకటి వేసుకుంటే పూటంతా ఉండేది. ఇప్పుడు రెండు వేసుకున్నా మధ్యాహ్నానికి మళ్ళీ మొదలవుతోంది."

అడిగినాయన ఆక్వా రైతు. ఆకివీడు అవతల పది ఎకరాల్లో వెనామీ రొయ్యలు వేస్తారు. రాత్రంతా చెరువు గట్టు మీద ఉండి, తెల్లారాక ఇంటికి వెళ్తూ మా షాపు దగ్గర బండి ఆపుతారు. నేను డాక్టర్ని కాదు. ఫార్మసీ చదువుకుని ఊళ్ళో మందుల షాపు పెట్టుకున్నవాణ్ణి. మా వైపు కౌంటర్ వెనక నిలబడిన ప్రతివాణ్ణీ డాక్టరు గారూ అనే పిలుస్తారు. ఆ పిలుపులోని నమ్మకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది.

ఆయన అడిగిన దానికి ఆ రోజు "అబ్బే, నకిలీ కాదండీ, మంచి కంపెనీయే" అని మాత్రం చెప్పి పంపించాను. బిళ్ళ నకిలీది కాదన్నది నిజమే. మరి ఎందుకు పనిచేయడం లేదో చెప్పవలసిన బాధ్యత కూడా నాదే కదా అని రాత్రి పడుకున్నాక అనిపించింది. నెలకో స్ట్రిప్ కొనే మనిషి వారానికి రెండు స్ట్రిప్పులు కొనేదాకా వస్తే, ఆ రెండు స్ట్రిప్పులూ ఇచ్చిన చెయ్యి నాదే. ఆయనకి ఆ రోజు చెప్పలేనిదీ, తర్వాత కూర్చోబెట్టి చెప్పినదీ ఇక్కడ రాస్తున్నాను.

మన దగ్గర చీటీ లేకుండా అమ్మే తలనొప్పి బిళ్ళల్లో చాలావాటిలో పారాసిటమాల్‌తో పాటు కెఫీన్ ఉంటుంది. కాఫీలో, టీలో ఉండేదే. ఒక్కో బిళ్ళలో సాధారణంగా 25 నుంచి 50 మిల్లీగ్రాములు. స్ట్రిప్ వెనక సన్నటి అక్షరాల్లో రాసే ఉంటుంది, కానీ చదివేవాళ్ళు తక్కువ. కెఫీన్ కలపడంలో మోసం ఏమీ లేదు. నొప్పి మందుకి అది తోడైతే నొప్పి కొంచెం బాగా తగ్గుతుంది. నెలకి ఒకటో రెండో వేసుకునేవాళ్ళకి దానివల్ల ఇబ్బంది లేదు. రోజూ వేసుకునేవాళ్ళ సంగతి వేరు. తలనొప్పి మందుతో పాటు రోజుకిన్నిసార్లు ఒక ఉత్తేజకాన్ని కూడా మింగుతున్నామని వాళ్ళకి తెలియదు. టీ ఎక్కువ తాగుతున్నానని మనిషికి తెలుస్తుంది, ఇంట్లోవాళ్ళు కూడా ఒక మాట అంటారు. బిళ్ళ మందు కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

బస్సు సీటు మీద తువ్వాలు

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా పోగవుతూ ఉంటుంది. దాని కోసం మెదడు కణాల మీద కొన్ని స్థానాలు ఉంటాయి. అది వెళ్ళి అక్కడ కూర్చుంటే "ఇక చాలు, పడుకో" అన్న కబురు అందుతుంది. ఆవులింతలు వస్తాయి, రెప్పలు బరువెక్కుతాయి.

కెఫీన్ ఆకారంలో అడినోసిన్‌ని పోలి ఉంటుంది. భీమవరం బస్టాండులో రద్దీగా ఉన్న బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసేవాళ్ళని చూస్తుంటాం కదా, కెఫీన్ చేసే పని అదే. సీటు మీద తువ్వాలు పడింది, అడినోసిన్ కూర్చోలేక నిలబడింది. కబురు అందలేదు కాబట్టి మనకి నిద్ర రాలేదు. అయితే అడినోసిన్ ఎక్కడికీ పోలేదు. అక్కడే నిలబడి ఉంది, ఇంకా ఎక్కుతూనే ఉంది. అలసట తీరలేదు, అలసట కబురు మాత్రమే ఆగింది. బిళ్ళ వల్ల ఓపిక వచ్చిందని మనం అనుకునేది దీన్నే.

ఇదే రోజూ జరిగితే మెదడు ఊరుకోదు. సీట్లు చాలడం లేదని అదనంగా కొత్త సీట్లు వేస్తుంది. అప్పుడు పాత మోతాదులో వేసిన తువ్వాళ్ళు సరిపోవు, ఇంకొన్ని కావాలి. ఒక బిళ్ళ చోట రెండు అడగడానికి కారణం ఇదే. ఏదో ఒక రోజు బిళ్ళ వేసుకోకపోతే తువ్వాళ్ళన్నీ ఒక్కసారిగా లేచిపోయి, పాత సీట్లలోనూ కొత్త సీట్లలోనూ అడినోసిన్ వచ్చి కూర్చుంటుంది. ఒళ్ళంతా నీరసం, చిరాకు, ఏ పనీ బుర్రకెక్కదు. దీనితో పాటు ఇంకోటి జరుగుతుంది. అడినోసిన్ మెదడులోని రక్తనాళాలని వెడల్పు చేస్తుంది, కెఫీన్ వాటిని బిగిస్తుంది. ఆ బిగింపు సడలినప్పుడు తల పగిలిపోతున్నట్టు నొప్పి వస్తుంది.

ఆ నొప్పికి మనం చేసేదేమిటి? బిళ్ళ వేసుకుంటాం. అరగంటలో తగ్గుతుంది. "చూశావా, మంచి మందు" అనుకుంటాం. తగ్గింది నిజంగా జబ్బు తలనొప్పి కాకపోవచ్చు. బిళ్ళ లేకపోవడం వల్ల వచ్చిన నొప్పి బిళ్ళ రావడంతో పోయి ఉండవచ్చు. ఈ రెంటికీ తేడా లోపల ఉన్న మనిషికి తెలియదు. అందుకే ఈ అలవాటుని ఎవరి మీదా బలహీనత అన్న నింద వేసి చూడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

కార్తీక సోమవారం నాడు ఈ సంగతి మా షాపులో బాగా కనిపిస్తుంది. ఉపవాసం ఉన్న ఆడవాళ్ళు మధ్యాహ్నం మూడు, నాలుగు అయ్యేసరికి తల పట్టుకుని వస్తారు. "ఖాళీ కడుపు కదండీ, పైత్యం చేసింది" అంటారు. ఆకలి వల్లా తలనొప్పి రావచ్చు. కానీ ఆ రోజు అన్నంతో పాటు పొద్దున కాఫీ, పదకొండు గంటల టీ కూడా మానేశారు. కెఫీన్ ఆగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. ఒకటి, రెండు రోజుల్లో బాగా ఎక్కువై, ఆ తర్వాత వారం తొమ్మిది రోజుల్లోపు తగ్గుతుంది. రోజుకి 100 మిల్లీగ్రాములు అలవాటున్నవాళ్ళకి కూడా ఇది రావచ్చు, అంటే పొద్దున ఒక పెద్ద గ్లాసు ఫిల్టర్ కాఫీ చాలు. అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన రోగ నిర్ధారణ గ్రంథంలో కెఫీన్ మానడం వల్ల వచ్చే ఈ ఇబ్బందిని ఒక గుర్తింపు పొందిన సమస్యగానే చేర్చారు.

ఇప్పటిదాకా చెప్పింది కెఫీన్ సంగతి, అది సగమే. మిగతా సగం నొప్పి మందుది. కెఫీన్ లాంటివి కలిసిన తలనొప్పి బిళ్ళని నెలలో పది రోజులు, అంతకు మించి, మూడు నెలలకి పైగా వాడితే ఆ వాడకం వల్లే తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడవచ్చు. ఉత్త పారాసిటమాల్ అయితే ఆ హద్దు నెలకి 15 రోజులు. అలాంటివాళ్ళకి నెలలో సగం రోజులు, కొందరికి రోజూ, నిద్ర లేస్తూనే తల నొప్పిగా ఉంటుంది. పార్శ్వనొప్పి ఉన్నవాళ్ళు ఇందులో తొందరగా పడతారు. ఆ రైతు గారి లెక్క తీస్తే నెలలో బిళ్ళ వేసుకోని రోజు ఒక్కటి కూడా లేదు. నకిలీ అనుమానం అక్కడితో తీరిపోయింది.

లెక్క అన్నాను కదా, ఆ లెక్క ఎలా తీశామో చెప్పాలి. ఆక్వా రైతులకి లెక్క కొత్త కాదు. ఏ చెరువుకి ఏ పూట ఎంత మేత వేశారో, మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలిందో, డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎంత ఉందో అన్నీ పుస్తకంలో రాస్తారు. "అదే పుస్తకం వెనక పేజీలో మీ మేత కూడా ఒక వారం రాయండి" అన్నాను. టీ, బిళ్ళ, డ్రింకు, ఏ టైముకి తీసుకున్నారో అంతే. ఆయన తెచ్చిన పేజీలో సగటున రోజుకి ఐదు టీలు, నాలుగు బిళ్ళలు, ఇరవై రూపాయల ఎనర్జీ డ్రింకులు రెండు ఉన్నాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఫిల్టర్ కాఫీ అయితే 80 నుంచి 120. ఇన్‌స్టంట్ కాఫీ 50 నుంచి 65. రోజుకి మొత్తం మీద 300 మించవద్దని వాళ్ళ మాట. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండవచ్చని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన, అంటే పావు లీటరు సీసాలో 75 దాకా. రైతు గారి టీలకి 200, బిళ్ళలకి 200, డ్రింకులకి 150 వేసుకున్నా 550 అవుతోంది. ఆయన ఆ అంకె చూసి "నేను తాగేది ఐదు టీలేనండీ" అన్నారు. ఆయన మనసులో ఉన్న లెక్క అదొక్కటే.

ఆ ఎనర్జీ డ్రింకు సీసాల మీద రోజుకి 500 మిల్లీలీటర్లు మించవద్దనీ, పిల్లలకీ గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ వద్దనీ రాసి ఉంటుంది. మా ఊరి హైస్కూలు ఎదురుగా కిళ్ళీ కొట్టులో అవే సీసాలు ఫ్రిజ్‌లో ముందు వరసలో ఉంటాయి. పదో తరగతి పిల్లలు పరీక్షల ముందు వాటిని కొనుక్కుని వెళ్తుంటే చూస్తూ ఊరుకోలేక ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకి స్వయంగా చెప్పాను. వాళ్ళు కోప్పడలేదు, "అది కూల్ డ్రింకు అనుకున్నామండీ" అన్నారు.

జలుబు బిళ్ళ, ముక్కు చుక్కలు

తలనొప్పి బిళ్ళ తర్వాత ఎక్కువగా చూసేది జలుబు బిళ్ళ. చీటీ లేకుండా దొరికే జలుబు మాత్రల్లో కొన్నిటిలో పారాసిటమాల్, నిద్ర తెప్పించే అలర్జీ మందు, ముక్కు దిబ్బడ తగ్గించడానికి ఫినైలెఫ్రిన్, వీటికి తోడు 30 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ కలిసి ఉంటాయి. జలుబు బిళ్ళా తలనొప్పి బిళ్ళా కలిపి వేసుకునేవాళ్ళు పారాసిటమాల్‌నీ కెఫీన్‌నీ రెండు వైపుల నుంచీ మింగుతున్నారు. పారాసిటమాల్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. రోజూ మద్యం తాగేవాళ్ళ కాలేయం అంత కూడా తట్టుకోలేకపోవచ్చు.

ఇంకొన్ని జలుబు మందుల్లో సూడోఎఫిడ్రిన్ ఉంటుంది. ఇది కెఫీన్ కన్నా గట్టిది. గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది, నిద్ర పోగొడుతుంది. ప్రోస్టేట్ ఉబ్బు ఉన్న పెద్దవాళ్ళకి మూత్రం ఆగిపోయే ప్రమాదం ఉంది. దీని నుంచి మెథాంఫెటమైన్ అనే మత్తుమందు తయారు చేయవచ్చు కాబట్టి మన దేశంలో 1985 నాటి మత్తు పదార్థాల చట్టం కింద నియంత్రిత పదార్థంగా పెట్టారు. దీనికి దగ్గరి చుట్టం ఎఫిడ్రిన్ ఉన్న ఎఫిడ్రా మొక్క పొడిని ఒకప్పుడు అమెరికాలో సన్నబడడానికీ ఓపికకీ బలం పొడిగా అమ్మారు. గుండెపోట్లు, పక్షవాతాలు రావడంతో 2004లో అక్కడ నిషేధించారు. మూలిక అన్నంత మాత్రాన మెతకది అనుకోవద్దని చెప్పడానికే ఇది రాశాను. డబ్బా మీద ఏముందో రాయని "బలం పొడి" ఎవరిచ్చినా వద్దనండి.

ముక్కు చుక్కల కథ చిన్నదే కానీ ఎంతోమంది బాధపడేది. దిబ్బడ తీసే చుక్కలు ముక్కులోని రక్తనాళాలని బిగిస్తాయి. మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడాలి. ఆ పైన వాడితే చుక్క ప్రభావం పోగానే ముక్కు ఇంకా గట్టిగా దిబ్బడ వేస్తుంది, మళ్ళీ చుక్క వేయాలి. కొందరు దిండు కింద సీసా లేకపోతే నిద్రపోలేరు, నాలుగేళ్ళుగా వాడుతున్నవాళ్ళని చూశాను. ముందు ఒక పక్క ముక్కుకి మానేసి, అది తెరుచుకున్నాక రెండో పక్క మానేయడం ఒక మంచి పద్ధతి. ఉప్పునీటి చుక్కలు వాడుకోవచ్చు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు రాసిచ్చే స్టెరాయిడ్ స్ప్రే ఆ వారం పది రోజులు గట్టెక్కిస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. ఒళ్ళునొప్పులకని కొందరు ట్రమడాల్ బిళ్ళలు సంపాదించి వేసుకుంటారు, హుషారుగా ఉంటుందని చెబుతారు. అది ఉత్తేజకం కాదు, నల్లమందు జాతిది. 2018లో దాన్ని కూడా మత్తు పదార్థాల చట్టం కిందకి తెచ్చారు. అలాగే రాత్రి నిద్ర కోసం ఆల్ప్రాజోలం బిళ్ళ అలవాటైనవాళ్ళున్నారు. పొద్దున లేవడానికి ఒక బిళ్ళ, రాత్రి పడుకోవడానికి ఒక బిళ్ళ. ఈ రెండు మందులనీ సొంతంగా, ఒక్కసారిగా ఆపకూడదు. ఫిట్స్ దాకా వెళ్ళవచ్చు. డాక్టరు దగ్గరే తగ్గించుకుంటూ రావాలి. 14446కి ఫోన్ చేస్తే మత్తు మాన్పించే కేంద్రాల వివరాలు చెబుతారు. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో మనసు విప్పి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ రెండూ ఉచితం.

నిద్ర ఎక్కడ పోయింది

బిళ్ళ గురించి ఎంత చెప్పినా, ఆ బిళ్ళ ఎందుకు మొదలైందో చూడకపోతే మాన్పించలేం. డెల్టాలో బతుకుతెరువు చాలావరకు రాత్రి పని. చెరువులో పగలు నాచు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రయితే తయారీ ఆగి, నాచూ రొయ్యలూ అన్నీ దాన్ని వాడుకోవడమే. అందుకే తెల్లవారుజామున డీవో అన్నిటికన్నా కిందికి పడిపోతుంది. ఆ గంటల్లో కరెంటు పోయి ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగితే లక్షల రూపాయల పంట తెల్లారేసరికి తేలిపోతుంది. మనిషి ఒంట్లోని గడియారం కూడా మెలకువని అన్నిటికన్నా తగ్గించేది సరిగ్గా ఆ వేళల్లోనే, మూడు నుంచి ఐదు గంటల మధ్య. చెరువుకి ఊపిరి తగ్గే వేళా మనిషికి నిద్ర ముంచుకొచ్చే వేళా ఒకటే అయిన పని ఇది. పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక ఐసు వేసిన రొయ్యలతో రాత్రికి రాత్రి లారీ నడిపేవాళ్ళదీ ఇదే కష్టం. వాళ్ళని "బిళ్ళలు మానేయండి" అని ఊరికే అనడం నాకు న్యాయంగా తోచదు.

కెఫీన్ సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. నాలుగు గంటలకి కునుకు ఆపడానికి డ్రింకు తాగిన మనిషి తొమ్మిదింటికి ఇంటికొచ్చి పడుకుంటే, తాగినదాంట్లో సగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకి పైగా తగ్గుతుందని పరిశోధనలో తేలింది. ఆ తగ్గిన నిద్ర మర్నాటి బిళ్ళకి దారి తీస్తుంది. ఈ కరిగే వేగం అందరికీ ఒకటి కాదు. గర్భిణుల్లోనూ, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలోనూ చాలా నెమ్మది. గర్భిణులు రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడే రోజుల్లోనూ నెమ్మదిస్తుంది. మామూలు టీలే తాగినా గుండె దడ రావడానికి అదొక కారణం. పొగ తాగేవాళ్ళలో దాదాపు రెట్టింపు వేగంగా కరిగిపోతుంది. ఈ చివరి మాట సిగరెట్ మానాలనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. సిగరెట్ మానేసి, టీలు మాత్రం పాత లెక్కనే తాగితే ఒంట్లో కెఫీన్ పేరుకుపోతుంది. నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, టెన్షన్‌గా ఉంటుంది. "సిగరెట్ మానడం వల్లే ఇలా ఉంది" అనుకుని మళ్ళీ ముట్టించినవాళ్ళు ఎంతమందో. సిగరెట్ మానిన వారమే టీలు కూడా సగం చేసుకుంటే ఆ బాధ చాలా తగ్గుతుంది.

నరసాపురం, పాలకొల్లు వైపు లేసు అల్లే ఆడవాళ్ళ సంగతి కొంచెం వేరు. నరసాపురం క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఇంటి పనయ్యాక రాత్రి బల్బు వెలుతురులో మెడ వంచి సన్నదారం అల్లితే మెడ నరాలూ కళ్ళూ లాగి తలనొప్పి వస్తుంది. దానికి టీ, బిళ్ళ. వీళ్ళలో చాలామందికి అసలు జబ్బు రక్తం తక్కువ కావడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే నీరసం. నీరసానికి అన్నం తినగానే టీ. టీ ఆహారంలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వదు, రక్తం ఇంకా తగ్గుతుంది. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ తాగవద్దని పోషకాహార సంస్థ చెప్పేది ఇందుకే. మా షాపుకొచ్చే ఆడవాళ్ళకి నేను "అమ్మా, బిళ్ళ తర్వాత, ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు చూపించుకుని రండి, కళ్ళద్దాలు మార్చి ఎన్నాళ్ళైందో చూసుకోండి" అని చెబుతున్నాను. గురక గట్టిగా పెట్టి, ఎనిమిది గంటలు పడుకున్నా పగలు తూగే మగవాళ్ళకి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూపించుకోమంటాను. ఆ నీరసం ఎన్ని బిళ్ళలకీ లొంగదు.

చెరువు ఎండగట్టే రోజులు

రైతు గారు మానేద్దామనుకున్నాక మొదటి ఆలోచన అందరిలాగే చేశారు. రేపటి నుంచి అన్నీ బంద్. అలా ఇంతకు ముందు రెండుసార్లు చేసి, రెండో రోజు సాయంత్రానికే ఓడిపోయానని ఆయనే చెప్పారు. రెండో రోజంటే బాధ ఎక్కువగా ఉండే రోజు. ఓడిపోకుండా ఎలా ఉంటారు?

మేం ముందు రోజు ఎంచుకున్నాం. పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, దున్ని, సున్నం చల్లే రోజులుంటాయి. ఆ కొద్ది వారాలు రాత్రి కాపలా ఉండదు. తలనొప్పి వచ్చినా, పగలు తూగు వచ్చినా పంట పోదు. చదువుకునే పిల్లలైతే పరీక్షలయ్యాక, డ్రైవర్లైతే లోడు లేని వారం. పని నెత్తిన ఉన్నప్పుడు మొదలుపెట్టడం నాకిష్టం లేదు, స్టీరింగ్ ముందు కూర్చునేవాళ్ళకైతే ప్రమాదం కూడా.

ఆ రోజుల కన్నా నెల ముందే ఎనర్జీ డ్రింకులు రెండూ తీసేశాం, వారానికొకటి చొప్పున. మొత్తం మీద వారానికి పావు వంతు తగ్గితే చాలు, ఒళ్ళు తట్టుకుంటుంది. ఈలోగా భీమవరంలో నరాల డాక్టరుకి చూపించారు. రోజూ తలనొప్పి బిళ్ళ వేసుకునే మనిషి ఒకసారి డాక్టరుకి కనబడకుండా ఇదంతా చేయకూడదు. తలనొప్పికి వేరే కారణం ఉండవచ్చు, బీపీ ఉండవచ్చు, కిడ్నీ పరీక్ష అవసరం కావచ్చు. చెరువు ఖాళీ అయిన రోజున డాక్టరు సలహా మీద తలనొప్పి బిళ్ళలు పూర్తిగా ఆపేశారు. టీలు మాత్రం ఐదూ అలాగే, అవే టైములకి. రెండూ ఒకేసారి తీసేస్తే బాధ రెట్టింపు అవుతుందని అలా నిర్ణయించారు. ఆ రోజులు గడవడానికీ, తలనొప్పి రాకుండా ఉండడానికీ డాక్టరు వేరే మందు ఇచ్చారు.

మొదటి పది రోజులు ఆయన మాటల్లో "నరకమేనండీ". రెండో రోజు వాంతి. మూడో రోజు మా షాపుకొచ్చి "ఒక్కటి ఇయ్యండి" అన్నారు. ఆయన భార్య అంతకు ముందే వచ్చి నన్ను ఇవ్వవద్దని చెప్పి వెళ్ళారు. నేను ఇవ్వలేదు. ఊళ్ళో ఇంకో షాపు ఉంది, కిరాణా కొట్టులో కూడా దొరుకుతాయి, ఆయన అక్కడికి వెళ్ళవచ్చు. వెళ్ళలేదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఇది పది రోజుల్లో పల్చబడుతుందనీ, ఇలా ఉండడమే మెదడు ఆ అదనపు సీట్లు తీసేస్తోందని గుర్తనీ చెప్పాను. గంటసేపు ఉండి ఇంటికెళ్ళి పడుకున్నారు. బాధ ఎంతవరకు ఉంటుందో ముందే తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ ఓర్పులో ఎంత తేడా ఉంటుందో ఆ రోజు చూశాను. కొందరికి పూర్తిగా తేరుకోవడానికి రెండు నెలలు పడుతుందని కూడా ఆయనకి దాచకుండా చెప్పాను.

నెల తిరిగాక టీలు తగ్గించారు. మానేయలేదు, ఆ అవసరమూ లేదు. మధ్యాహ్నం తర్వాతి రెండూ తీసేసి మజ్జిగకి మారారు.

కొత్త పంట వేసే ముందు కాపలా పద్ధతి మార్చుకున్నారు. బావమరిది పది నుంచి రెండు దాకా, ఈయన రెండు నుంచి ఆరు దాకా. ఈయన ఎనిమిదిన్నరకే పడుకుంటారు. గట్టుకి వెళ్ళగానే ఒక టీ, ఆ తర్వాత తెల్లారేదాకా లేదు. కరెంటు పోయినా మోటారు ఆగినా ఫోను మోగే స్టార్టర్ పెట్టించారు. మరీ నిద్ర ముంచుకొస్తే పాకలో అలారం పెట్టుకుని 20 నిమిషాలు కునుకు తీస్తారు. అది బిళ్ళ కన్నా మెరుగ్గా పనిచేస్తోందట. ఇంటికొచ్చాక కిటికీకి దళసరి దుప్పటి కట్టి ఇంకో రెండు మూడు గంటలు పడుకుంటారు, ఆ వేళ ఫోను భార్య దగ్గర ఉంటుంది. అందరికీ బావమరిది ఉండడు. పక్క చెరువుల వాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి ఒక కాపలా మనిషిని పెట్టుకున్నా ఇదే పని జరుగుతుంది.

ఇలా రాస్తుంటే నాకొక భయం ఉంది. ఇది చదివి ప్రతి తలనొప్పినీ బిళ్ళల తలనొప్పి అనుకుని ఓర్చుకునేవాళ్ళు ఉండకూడదు. ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా పిడుగు పడినట్టు వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా, చూపు మసకబారినా, తలకి దెబ్బ తగిలాక వచ్చినా, నిండు గర్భిణికి వచ్చినా అది వేరే సంగతి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి.

మా షాపులో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. తలనొప్పి బిళ్ళలు వారంలో రెండోసారి అడిగినవాళ్ళని "నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారండీ?" అని అడుగుతున్నాను. కొందరు విసుక్కుంటారు, కొందరు పక్క షాపుకి వెళ్తారు. కొందరు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ మధ్యలో ఆగి నా వైపు చూస్తారు.

రైతు గారు మొన్న మనవడికి జ్వరం మందు కోసం వచ్చారు. అడగకుండానే మేత పుస్తకం తీసి వెనక పేజీ చూపించారు. ఆ నెలలో బిళ్ళలు రెండు. పక్కన తేదీలు, ఏ టైముకి నొప్పి వచ్చిందో, అంతకు ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో కూడా రాసుకున్నారు.